అపవాద నాయకుఁడు

అపవాదమనఁగా లోకమున నింద; వ్యాకరణమున విశేషవిధి. అంతటను బ్రవర్తిల్లు సామాన్యవిధి నుత్సర్గమనియు, నొకానొక తావున దానిని దొలఁగించి తాను నిలుచు విధి నపవాదమనియు శాబ్దికులు వ్యవహరింతురు. ఈ రెండర్థములును నొక్కనియందే కుదిరిన నాయకుఁ డొకఁడు అమెరికాదేశపు దూరదర్శన నాటకములందుఁ గలఁడు. అతని పేరు కొలంబో. ఇది సింహళమందలి నగరము గాదు. లాస్ ఏంజెలెస్ నగరమున హత్యానేరములను విచారించు పోలీసు శాఖయందలి యొక లెఫ్టెనెంటు. అతనిఁ జూచిన ప్రతివాఁడును మొదట నిందించును. పిమ్మట నతఁడు విశేషవిధి యని తెలిసికొనును.

అపరాధపరిశోధన కథలకు లక్షణచర్చ యేల యని కొందఱు పండితులు నొసలు చిట్లింపవచ్చును. దృశ్యకావ్యములకు మన పెద్దలు లక్షణము చెప్పిరి. ఆ లక్షణము జీవించియున్నదేని క్రొత్త లక్ష్యమును దాని ముందుంచి పరీక్షింపవలెను. లక్ష్యమును జూచి వెనుదీయు లక్షణము పెట్టెలోని తామ్రశాసనము వంటిది. కావున కొలంబో నాయకుఁ డగునా, కాఁడా, యగునేని యేల యగు నను ప్రశ్నమును నిచట విచారించెదను.

ముందుగాఁ బాత్రచరిత్రమును సంగ్రహముగాఁ జెప్పెదను. రిచర్డు లెవిన్సన్, విలియం లింక్ అను నిరువురు రచయితలు దీని సృష్టికర్తలు. రష్యాదేశపు రచయిత దొస్తయేవ్‌స్కీ 1866 లోఁ బ్రకటించిన 'నేరము-శిక్ష' నవలయందలి విచారణాధికారి పొర్ఫీరి తమకు మార్గదర్శి యని వా రొప్పుకొనిరి. 1960 లో బెర్ట్ ఫ్రీడ్ అను నటుఁ డీ పాత్రను దూరదర్శనమున మొదట ధరించెను. 1962 లో నా కథయే 'ప్రిస్క్రిప్షన్: మర్డర్' అను రంగస్థలనాటకము కాఁగా వృద్ధనటుఁడు థామస్ మిచెల్ దానిని ధరించెను. 1968 లో నా నాటకమే దూరదర్శనమునకు మఱలివచ్చినపుడు పీటర్ ఫాక్ ఆ పాత్రను గైకొని 2003 వఱకు విడువలేదు. 1971 మొదలు 1978 వఱకు నొక సంస్థయు, 1989 మొదలు 2003 వఱకు వేఱొక సంస్థయుఁ బ్రసారము చేసినవానిని, తొలుతటి ప్రయోగనాటకములు రెంటితోఁ గలిపి లెక్కింపఁగా మొత్తము 69 నాటకములు. ఈ పాత్రకే ఫాక్‌నకు నాలుగు ఎమ్మీ పురస్కారములు లభించెను. ఆతఁడు 2011 లో గతించెను.

ఇఁక వేషము. వాన యరుదైన దక్షిణ కాలిఫోర్నియాలో నతఁడు నిత్యమును ముడుతలు పడిన వానకోటు తొడిగియుండును. చేత సగము కాలిన చుట్ట. ఎక్కు బండి ఫ్రాన్సుదేశపు ప్యూజో 403. అది యెచట నాగిపోవునో యని చూచువారికి దిగులు. ఒక కుక్కను బెంచి, పేరు పెట్టక, 'కుక్క' యనియే పిలుచును. మాట వ్రాసికొనఁబోవఁ బెన్సిలు దొరకదు. జేబులన్నియు వెదకి యెదుటివాని పెన్సిలు పుచ్చుకొనును. మాటిమాటికిఁ దన భార్య సంగతి యెత్తును. ఫాక్ మూఁడేండ్ల బాలుఁడై యున్నపుడు వ్యాధిచేతఁ గుడికన్ను తీసివేయవలసివచ్చెను. ఆ తావున నున్నది గాజుకన్ను. అందుచేఁ బాత్రకు నోరచూపు వంటి వింతచూపు సహజముగానే యేర్పడెను.

అలంకారశాస్త్రమున నాకంటె నధికుఁడైన సహాధ్యాయుఁ డొకఁడు రెండు మూఁడు నాటకములను జూచి యిట్లు పూర్వపక్షము చేసెను. "ఇతఁడు విదూషకుఁడు. వికృతవేషము, భోజనప్రీతి, మఱపు, అప్రస్తుతప్రసంగము, ఇవి యన్నియు విదూషకుని సొమ్ములు. నాయకుని సొమ్ములో? అవి హంతకునియొద్ద నున్నవి. కావున నీ కవులు తలక్రిందుగాఁ జదివిరి."

ఈ మాటలోఁ జాలభాగము సత్యము. కొలంబో యెదుర్కొను హంతకులు దారిదోఁపరులు గారు. ప్రసిద్ధవైద్యులు, రచయితలు, వాద్యబృందనాయకులు, కళావిమర్శకులు, సేనానులు. వారి మేడలు విశాలములు, మాట మధురము, వస్త్రము నిర్మలము. వారిముందుఁ గొలంబో తోఁటపనికి వచ్చినవానివలె నిలుచును. కాని సహాధ్యాయుని నిర్ణయము మాత్రము నిలువదు. ఏలయనఁగా, ధనంజయుఁడు దశరూపకమున లెక్కించిన నేతృగుణములు వినయము, మాధుర్యము, త్యాగము, దక్షత, ప్రియభాషణము, జనానురాగము, శుచిత్వము, వాగ్మిత, ప్రసిద్ధవంశము, స్థైర్యము, యౌవనము, బుద్ధి, యుత్సాహము, స్మృతి, ప్రజ్ఞ, కళ, మానము, శౌర్యము, దృఢత్వము, తేజస్సు, శాస్త్రచక్షుస్సు, ధార్మికత. ఈ పట్టిక నెన్నిమాఱులు చదివినను వస్త్రమును గూర్చిన మాట కనఁబడదు. వేషమునుబట్టి నాయకుని నిర్ణయించుట మన యలవాటే కాని శాస్త్రము గాదు.

పట్టికను మఱల జాగ్రత్తగాఁ జూతము. ఇందలి గుణములు రెండు తెగలు. వాగ్మిత, మాధుర్యము, వంశము, యౌవనము, తేజస్సు, కళ, యివి చూచినంతనే తెలియును. వినయము, దక్షత, స్థైర్యము, స్మృతి, ప్రజ్ఞ, ధార్మికత, యివి సహవాసముచేతఁ గాని తెలియవు. ఉత్తమనాయకునియందు రెండు తెగలును గలిసియుండు నని పూర్వులు భావించిరి. ఈ నాటకకర్త లా పట్టికను నడుమఁ జీల్చి, చూచినంతనే తెలియు గుణముల హంతకునకును, మెల్లఁగాఁ దెలియు గుణములఁ గొలంబోకును బంచియిచ్చిరి. తలక్రిందుగాఁ జదువుటకును విభజించి చదువుటకును భేదము గలదు. ఉత్సర్గ మిచట భంగపడలేదు. గుణములు గలవాఁడే నాయకుఁ డనుట యిచటను నిలిచియే యున్నది. బాధింపఁబడినది, గుణములు పైకిఁ గనఁబడవలె నను మన యపేక్ష మాత్రమే.

దీనికి లక్ష్యముగా 1971 నాఁటి 'సూటబుల్ ఫర్ ఫ్రేమింగ్' అను నాటకమును జూపెదను. డేల్ కింగ్‌స్టన్ కళావిమర్శకుఁడు. చిత్రపటములకై తన బంధువగు పెద్దను జంపి, ఆ నేరము వేఱొక వృద్ధురాలిమీఁదఁ బడునట్లు పటముల నామె యింటఁ జేర్చును. వాని నటకుఁ జేర్పకమున్ను ఒకనాఁడు సంచిలోఁ బెట్టుకొని తన యింటికి రాఁగాఁ గొలంబో యట నుండును. ఏమి పటములో చూతునని కొలంబో చేయి చాఁచి సంచిలోఁ బెట్టును. కింగ్‌స్టన్ విసుగుకొని తొలఁగించును. తుదకు వృద్ధురాలి యింట దొరకిన పటములమీఁద వ్రేలిముద్రలను వెదకింపఁగా నవి కొలంబోవే యగును. ఇప్పుడే యీతఁడు ముట్టెనని కింగ్‌స్టన్ కేకలు వేయును. కొలంబో మాటాడక జేబులలోనుండి చేతులు పైకిఁ దీయును. చేతులకుఁ దొడుగు లున్నవి.

ఈ ఘట్టమునఁ బండితులు గమనింపవలసినది యొకటి గలదు. జేబులోఁ జేతులు పెట్టుకొని నిలుచుట మర్యాద గాదు. ఆ యమర్యాదయే యిచట సాక్ష్యము. పరుని సంచిలోఁ జేయి పెట్టుటయు మర్యాద గాదు, అదియే నిర్ణాయకము. మఱియు హంతకుఁడు వృత్తిచేతఁ జూచువాఁడు. ఒక పటమున వర్ణమెంత, రేఖ యెంత యని విలువకట్టి బ్రదుకువాఁడు. తన యెదుట నిలిచిన మనుష్యుని మాత్రము చూడలేకపోయెను.

పరిశోధకులకు వింతగుణము లుండుట కొలంబోతోఁ బుట్టిన రీతి గాదు. అతనితో ముగిసినదియుఁ గాదు. 1971-76 నడుమ వచ్చిన 'క్యానన్' నాటకములందు విలియం కాన్రాడ్ ధరించిన నాయకుఁడు స్థూలకాయుఁడు. 1973-78 నడుమ టెలీ సవాలస్ ధరించిన కోజాక్ నున్నని తలతోఁ బుల్లమిఠాయి చప్పరించుచుండును. ఇట్టివారిని గొలంబోతో నొక్కపంక్తిఁ గూర్చుండఁబెట్టుట యుచితము గాదు. అన్వయవ్యతిరేకములచేఁ బరీక్షింపవలెను: వింతగుణ మున్నచోఁ గథ నడచి, లేనిచో నడవకున్నయెడల నది నాయకధర్మము, లేకున్నను నడచునేని యది భూషణమాత్రము. కోజాక్ చేతినుండి మిఠాయి తీసివేసినను గథ కేమియుఁ గొఱఁత రాదు. ఆగథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ వార్ధక్యమును దీసివేయుఁడు. ఆమె యెదుట నెవఁడును నోరు జాఱఁడు, కథయు సాగదు. 1984 మొదలు 1992 వఱకు జోన్ హిక్సన్ ఆ పాత్రను 12 నవలల కథలందును ధరించినపుడు ప్రేక్షకులు మెచ్చినది యీ యౌచిత్యమునే యని నా తలంపు. కొలంబో కోటును నట్టిదే. అది లేనిచో హంతకుఁడు జాగరూకుఁ డగును. జాగరూకుఁ డగునేని మాటాడఁడు.

అప్రస్తుతప్రసంగ మను దోష మింకను నిలిచియున్నది. కొలంబో భార్య యిష్టపడు పాట, భార్య చదువు నవల, భార్య చెప్పిన మాట, ఇవి లేని నాటక మరుదు. కాని యా భార్య యేనాఁడును రంగమునకు రాదు. పాణిని లోపమును నదర్శన మని నిర్వచించెను. ప్రత్యయము లోపించినను దాని కార్యము మాత్రము జరుగు నని యనుశాసించెను. ఆమె యట్టి లుప్తప్రత్యయము. కనఁబడదు, కాని యామె పేరు చెప్పుకొనియే కొలంబో హంతకుని చనవు సంపాదించును. ఆ ప్రత్యయమును నుచ్చరించి చూతమని కొందఱు సాహసించి, 1979 లో 'మిసెస్ కొలంబో' యను పేర నామెనే నాయికగాఁ జేసి వేఱొక మాలికను బ్రసారము చేసిరి. అది 1980 లోనే ముగిసెను. లోపము చేయవలసిన తావున లోపమే సాధువు.

రెండవ పూర్వపక్షము రసమును గూర్చినది. ఈ నాటకములలో మొదటి యంకముననే హత్య మన కనుల యెదుట జరుగును. హంతకుఁ డెవఁడో ముందే తెలియును. తెలిసిన దానియందుఁ గుతూహల మేమి యని యాక్షేపము. ఈ పద్ధతికి మూలపురుషుఁడు కొలంబో సృష్టికర్తలు గారు. ఆంగ్లరచయిత ఆస్టిన్ ఫ్రీమన్ 1912 నాఁటి 'ది సింగింగ్ బోన్' కథలలో దీనిని బ్రయోగించి చూపెను. కాని ముద్రారాక్షసమును జదివిన మన కీ యాక్షేపము వింతగాఁ దోఁచవలెను. అందుఁ జాణక్యుని పన్నుగడ ప్రథమాంకముననే మనకుఁ దెలియును. ముద్రిక యెవరి చేతినుండి యెవరి చేతికిఁ బోయెనో మన మెఱుఁగుదుము, రాక్షసుఁ డెఱుఁగఁడు. ఎఱుఁగనివాని నెఱిఁగినవారు చూచుటయే యచటి రసబీజము. మఱియుఁ దృతీయాంకమునఁ గంచుకి చాణక్యుని గృహమునకుఁ బోయి చూచిన దేమి? పిడకలు పగులఁగొట్టు ఱాయి, దర్భలకుప్ప, సమిధల బరువునఁ గ్రుంగిన కప్పు. సామ్రాజ్యమును నడపు మంత్రి యింటి తీరది! విశాఖదత్తుఁ డా కుటీరమును వర్ణింపించినదానికిని, ఈ రచయితలు వానకోటును దొడిగించినదానికిని బ్రయోజన మొక్కటియే.

ఇంతేకాదు. హంతకుని ముందే చూపుట యీ నాయకుని కావశ్యకము. హంతకుఁడు మనకుఁ దెలియకున్నచోఁ గొలంబో వేషము వట్టి హాస్యముగా మిగులును. తెలిసియున్నపుడు మనము హంతకుని కన్నులతోఁ గొలంబోను జూతుము. ఆ కన్ను లెప్పుడు తెఱవఁబడునో యని కాచుకొని కూర్చుందుము. సెలవు పుచ్చుకొని తలుపుదాఁక నడచి, మఱల వెనుదిరిగి, ఇంకొక్క మాట యని కొలంబో యడుగును. ఆ ప్రశ్నకు హంతకుని మోము మాఱును. అప్పుడు జరుగునది నేరనిర్ణయము గాదు, ప్రత్యభిజ్ఞ. ఈ వెనుదిరుగుట రంగస్థలనాటకమును వ్రాయుచుండఁగాఁ గాకతాళీయముగాఁ బుట్టిన దందురు: దృశ్యము కుఱుచ కాఁగా రచయితలు దానిని మొదటినుండి టైపు చేయుట కలసి, వెడలిపోయిన పాత్రను మఱల లోనికిఁ బిలిచిరఁట. సోమరితనమునఁ బుట్టిన యట్టి ప్రయోగము శిష్టప్రయోగ మగుట కవిత్వమున నరుదు గాదు.

మూఁడవ పూర్వపక్షము గడుసైనది. వినయ మనుచున్నారే, అది కపటవినయము గాదా? తెలిసియుఁ దెలియనట్లు నటించి హంతకుని పొగడి వలలో వేయువాఁడు ధార్మికుఁ డెట్లగును? దీనికి సమాధానము 1974 నాఁటి 'నెగటివ్ రియాక్షన్' నాటకమునందలి చిన్న ఘట్టమున దొరకును. విచారణకై కొలంబో బీదలకు నన్నము పెట్టు క్రైస్తవసత్రమునకుఁ బోవును. అచటి సన్న్యాసిని యతనిఁ జూచి దిక్కులేనివాఁ డనుకొని కూర్చుండఁబెట్టి కూడు వడ్డించి, మంచి కోటు వెదకి యిత్తు ననును. తాను పోలీసువాఁడ నని యతఁడు చెప్పఁగా, ఎంత చక్కని మాఱువేష మని యామె మెచ్చుకొనును. నవ్వు తెప్పించు నీ ఘట్టమే నా వాదమునకుఁ బ్రమాణము. ఆ కోటు మాఱువేషము గాదు. అతని స్వరూపమే యది. నటుఁడు ఫాక్ సైత మా కోటును దన యింటినుండియే తెచ్చుకొనెను. మోసము కోటులో లేదు. కోటును జూచి మనిషిని గొలుచువాని కొలబద్దలో నున్నది.

పొగడ్తయు నట్టిదే. 1973 నాఁటి 'ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్' అను నాటకమున నేడ్రియన్ కార్సీని ద్రాక్షాసవముల మర్మ మెఱిఁగిన రసికుఁడు. తాను బ్రాణముగాఁ బెంచిన ద్రాక్షతోఁట నమ్మఁబోయిన సవతితమ్మునిఁ జంపును. కొలంబో యా విద్యను శ్రద్ధతోఁ గొంత యభ్యసించును. అడుగు ప్రశ్నలు శిష్యుని ప్రశ్నలు. తుదకుఁ గార్సీని నేలమాళిగలోని యాసవమునే భోజనశాలలో వడ్డింపించును. అది వేఁడికిఁ జెడినదని కార్సీని యొక్క గ్రుక్కతోఁ బసిగట్టి మండిపడును. హత్యదినములలో మాళిగ చల్లఁదన మాపివేయఁబడె నన్నమాట యట్లు బయటపడును. అట్టి జిహ్వ వేఱొకనికి లేదు. అతని గుణమే యతనిఁ బట్టి యిచ్చెను. పట్టుకొన్న పిమ్మటఁ గొలంబో కారు నిలిపి, మంచి యాసవమును దీసి, యిరువురకును బోయును. నీవు చక్కఁగా నేర్చుకొంటి వని కార్సీని మెచ్చుకొనఁగాఁ గొలంబో మోమున వెలిఁగిన సంతోషము శిష్యుని సంతోషము. కపటమైనచోఁ బని తీఱిన పిమ్మట నది నిలువవలసిన పనిలేదు. ఇచట నిలిచినది. కావున వినయము స్వాభావికము.

ధార్మికత మాట 1975 నాఁటి 'ఫర్గాటెన్ లేడీ' తేల్చును. వృద్ధనటి యొకతె భర్తను జంపును. కాని మెదడునందలి వ్యాధిచేత నా మాటయే యామె మఱచిపోయెను, ఆయువును నల్పమే. ఆమెను బ్రేమించిన పాతమిత్రుఁడు తానే చంపితి నని యొప్పుకొనును. అది యబద్ధ మని యెఱిఁగియుఁ గొలంబో యతనిని వెంటఁ బెట్టుకొని పోవును. ఆ యబద్ధము విడిపోవులోపల నామె సుఖముగాఁ గన్నుమూయును. ఇది యుద్యోగధర్మమునకు లోపమే. న్యాయశాస్త్రజ్ఞులు తప్పు పట్టవచ్చును. కాని యీ యొక్కచోట విధిని దప్పినవాఁడు మిగిలినచోట్ల విధి నేల పాటించెనో యిచటనే తెలియును. అతఁడు పట్టుకొనఁగోరినది సత్యమును, మనుష్యుని గాదు.

దోషములు లేవని నే ననను. కొన్ని నాటకములలో హంతకుఁడు తత్తఱపడి యొప్పుకొనుటయే కాని న్యాయస్థానమున నిలుచు సాక్ష్యము కనఁబడదు. 1989 తరువాతి వానిలో వేషము పెరిగి విషయము తఱిగినది. 1992 నాఁటి 'నో టైమ్ టు డై', 1994 నాఁటి 'అండర్‌కవర్' అను రెండును వేఱొక రచయిత నవలలనుండి తెచ్చిన కథలు. మొదటి దానిలో హత్యయే లేదు. రెంటను వేగమును, బెదరింపును, పరుగును గలవు. ఆ పేరే, ఆ నటుఁడే. కాని నాయకుఁడు మాత్రము లేఁడు. తన్నుఁ దక్కువగాఁ జూచు గొప్పవాఁ డెదుట లేకున్నచోఁ గొలంబో కేవలము ముడుతల కోటుగల ముదుసలి. ఇదియే నా వాదమునకు వ్యతిరేకోదాహరణము.

తుదిమాటగా నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. చాలయేండ్ల క్రిందట నొక సభలో సమాసములను గూర్చి ప్రసంగించుచు, బహువ్రీహిచేతనే యర్థము సిద్ధించుచుండఁగాఁ గర్మధారయముమీఁద మత్వర్థీయప్రత్యయము చేర్పరాదను నియమమును వివరించితిని. సభ ముగిసిన పిమ్మట బియ్యపుమిల్లు గుమాస్తా యొకఁడు, తవుడు దుమ్ము దులుపుకొనని చొక్కాతో వచ్చి, చేతులు కట్టుకొని, "అయ్యా, పుట్టను గృష్ణసర్పవంత మనవచ్చునా?" యని యడిగెను. ఆ చొక్కాను జూచి, రాదని యొక్కమాటలోఁ జెప్పి, పెద్దలతో మాటాడఁబోతిని. అతఁడు నమస్కరించి వెడలెను. రాత్రి శయనించునప్పుడు జ్ఞప్తికి వచ్చెను: కృష్ణసర్పమనునది జాతివాచకము, అచట బహువ్రీహి యా యర్థము నీయఁజాలదు, కావున నా ప్రయోగము సాధువని శాస్త్రమే యుదాహరించినది. నేను నియమము చెప్పి, నియమమునందలి షరతును మఱచితిని. ఆ గుమాస్తా మఱవలేదు. తప్పు పట్టుటకుఁ గాక, తెలిసికొనుటకు వచ్చినవానివలె నడిగి పోయెను. మఱునాఁడు వెదకించితిని, దొరకలేదు.

కొలంబో నాటకములను జూచునపుడు నేను నాయకునిపక్షమునఁ గూర్చుంటి నని మొదట భ్రమించితిని. కింగ్‌స్టన్ ముఖమున రంగు మాఱుట చూచినపుడు నా తావెచ్చటనో తెలిసినది. విద్యయుఁ, బేరును, సభాసత్కారమును గలవారము. మాటకుఁ దడుముకొనువానిని జూచి నవ్వుకొనువారము. ఆ హంతకుల మేడలలోనివారమే. దేశమెంత దూరమైనను నీ నాయకుఁడు పండితున కిట్టి యుపకారము చేసెను. లక్షణము మాఱవలసిన పనిలేదు. దానిని జదువు కన్ను మాఱవలెను. విజ్ఞులు విచారింతురు గాక.